సూత్రకర్త సజీవుడై యుండగా

వ్యాఖ్యాతకు గల మహాభాగ్యమేమనగా, తాను వ్యాఖ్యానించు గ్రంథమును రచించినవాడు గతించియుండుట. మన మెదకు సీమలోని కొలిచెలమ గ్రామము పేరును వంశనామముగా ధరించిన మల్లినాథసూరి, కాళిదాసుని కావ్యములకు టీక రచించుచు, ఆధారము లేని మాట వ్రాయననియు, అక్కఱ లేని మాట పలుకననియు ప్రతిజ్ఞ పట్టినప్పుడు, ఆ ప్రతిజ్ఞను చెల్లించుకొనుటకు ఆయన పాండిత్యము చాలినమాట నిజమేగాని, దానికి మఱియొక సౌకర్యము కూడ తోడ్పడినది: ఎన్నో శతాబ్దుల క్రిందటనే కాలధర్మము నొందిన కాళిదాసు లేచివచ్చి, నిన్నటివఱకు నా తాత్పర్యము అదియేగాని నేటినుండి వేఱొకటి యని చెప్పు ప్రమాదము లేకుండెను. అట్లుగాక సూత్రకర్త సజీవుడై, ప్రక్కగదిలోనే ఆసీనుడై, రాత్రికి రాత్రి సూత్రమును సవరించుకొనుచు, తెల్లవాఱగానే భాష్యకారుని పిలిపించి నీవు నిన్న వ్రాసినదేమని నిలదీయువాడైనచో, ఆ భాష్యకారుడు ఎట్టి పండితుడైనను, ఎంతటి భక్తుడైనను, ఆతని బ్రదుకు ఎట్లుండును? ఇది ఊరక ఊహించి వేసిన ప్రశ్న కాదు. చీనా కమ్యూనిస్టు పార్టీ సాహిత్య వ్యవహారములను దశాబ్దముల తరబడి నడపిన చౌ యాంగ్ అను నాయన జీవితమంతయు దీనికి సమాధానముగా నున్నది.

పార్టీ సాహిత్యమునకు అధికారిని నియమించుట ఒక్క చీనాలో మాత్రమే జరిగినది కాదు. సోవియట్ దేశమున జ్దానొవ్ 1946లో కవయిత్రి ఆఖ్మతోవాను, హాస్యకథకుడు జోష్చెంకోను సభాముఖమున దూషించి, రచయితల సంఘమునుండి వెలివేయించి, రెండేండ్లకే మరణించెను. పశ్చాత్తాపపడుటకు ఆయనకు వ్యవధియు లేదు, స్వభావమును లేదు. ఆ సంఘమునకు చిరకాలము నాయకత్వము వహించిన నవలాకారుడు ఫదేయెవ్, స్టాలిను కాలమున శిబిరములకు పోయిన రచయితలలో ప్రాణములతో మిగిలినవారు తిరిగివచ్చుచున్న 1956వ సంవత్సరము మే నెలలో, పెరెదెల్కినోలోని తన యింట తుపాకితో కాల్చుకొని చనిపోయెను. ఈ ఇరువురును మనకు అర్థమగుదురు. చౌ యాంగ్ అంత తేలికగా అంతుపట్టడు. ఆయన శాసించెను, శిక్షించెను, తానును శిక్ష ననుభవించెను, చెఱ వెడలివచ్చి తాను బాధించినవారిని క్షమాపణ వేడెను, ఆ పిమ్మట ముదిమిలో ఒక మాటను తన మాటగా పలికి, దానికి గూడ తప్పు లొప్పుకొనవలసినవాడయ్యెను.

హునాన్ రాష్ట్రములోని యియాంగ్ ఆయన జన్మస్థలము. షాంఘైలో చదివి, కొంతకాలము జపానులో గడిపి వచ్చి, 1930 మార్చిలో ఏర్పడిన వామపక్ష రచయితల సమితిలో చేరి, ముప్పదియేండ్లు నిండకముందే దానిలోని పార్టీ శాఖకు కార్యదర్శి యయ్యెను. ఆయనను గూర్చి వ్రాయువారు సాధారణముగా ఈ కార్యదర్శి పదవిని పెద్దచేసి, ఆయన చదువును చిన్నచేయుదురు. అది న్యాయము కాదు. టాల్‌స్టాయ్ 'అన్నా కెరెనినా' మొదటి భాగమును ఇంగ్లీషునుండి చీనా భాషలోనికి తెచ్చినది ఈయనయే. కళకును వాస్తవమునకును గల సంబంధమును విచారించిన చెర్నిషేవ్‌స్కీ సౌందర్యశాస్త్ర గ్రంథమును అనువదించినదియు ఈయనయే. సోషలిస్టు వాస్తవికత యను సిద్ధాంతమును సోవియట్ రచయితల మహాసభ 1934లో ఆమోదించుటకు ముందే, 1933 నవంబరులో, చీనా పాఠకులకు వ్యాసరూపమున పరిచయము చేసెను. అన్నా వ్యథను వాక్యవాక్యముగా తన భాషలో తిరిగి నిర్మించిన మనుష్యునికి సాహిత్యమనగా నేమో తెలియదని ఎట్లనగలము? తెలియకపోయియుండినచో ఆయన చేసిన పనులకు అజ్ఞానమును సాకుగా చెప్పవచ్చును. తెలిసి చేసెను గనుకనే ఆయన కథ నన్ను వెంటాడుచున్నది.

ఆ షాంఘైలోనే ఆయనకు లూసున్‌తో వైరము సంభవించినది. ఆధునిక చీనా సాహిత్యమున లూసున్ స్థానమును తెలుగు పాఠకులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆయన కథలు మనకును చిరపరిచితములే. రచయితల సమితికి ఆయన గౌరవపీఠము. పార్టీ సభ్యుడు మాత్రము కాడు. పీఠముపై నున్న వృద్ధునకు పనులు పురమాయించు యువకుడు చౌ యాంగ్. వెనుకనుండి కొరడా ఝళిపించు మేస్త్రీవలె ఈ యువకుడు తన్ను తోలుచున్నాడని లూసున్ మిత్రులకు వ్రాసిన లేఖలలో వాపోయినాడు. 1936లో, జపాను దురాక్రమణ నెదుర్కొనుటకు ఐక్యసంఘటన కావలెనని మాస్కోనుండి సూచన రాగా, సమితి ఒక ప్రకటనమైనను లేకుండ రద్దయ్యెను. 'జాతిరక్షణ సాహిత్యము' అను నినాదమును చౌ యాంగ్ పక్షము ముందుకు తెచ్చెను. లూసున్, ఆయన మిత్రులైన విమర్శకులు హూ ఫెంగ్, ఫెంగ్ షూఫెంగ్ కలిసి వేఱొక నినాదమును నిలిపిరి. ఈనాడు ఆ రెండు నినాదములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఇంతమాత్రమునకు ఇంత కలహమా యనిపించును. కాని కలహము నినాదమును గూర్చినది కాదు. రచయితకు పని చెప్పు అధికారము ఎవ్వరిదను ప్రశ్నకు అది తెర మాత్రమే.

ఆ యేడు ఆగస్టులో లూసున్ ఒక బహిరంగలేఖ ప్రకటించెను. మృత్యుశయ్యకు చేరువలో నున్న ఆయన కొఱకు దాని ముసాయిదాను ఫెంగ్ షూఫెంగ్ సిద్ధపఱచగా, ఆయన దిద్ది, కొన్ని పుటలను తన చేతితోనే వ్రాసి చేర్చెను. అందులో, హూ ఫెంగ్ గూఢచారి యని తనకు చెప్పవచ్చిన నలుగురు మనుష్యులు, అందఱును పాశ్చాత్య వేషములు ధరించి, ఠీవిగా కారునుండి దిగిన దృశ్యమును ఆయన చిత్రించినాడు. ఆ నలుగురిలో చౌ యాంగ్ ఒకడు. అక్టోబరు 19న లూసున్ మరణించెను. వాదములో ప్రతిపక్షి మరణించుటకంటె దుర్భరమైన ఓటమి లేదు. గెలుచుటకుగాని, సమాధానపడుటకుగాని ఇక దారి యుండదు. ఆ ఒక్క లేఖ చౌ యాంగ్ శేషజీవితమునంతటిని నీడవలె అనుసరించినది.

మఱుసటియేడు చౌ యాంగ్ పార్టీకి స్థావరమైన యెనాన్ చేరెను. అచట 1938లో స్థాపితమైన కళావిద్యాలయమునకు పెట్టిన పేరు లూసున్‌దే. దానిని నడపు బాధ్యత కొలదికాలములోనే చౌ యాంగ్‌కు వచ్చినది! చరిత్రకు ఇట్టి చమత్కారములపై మక్కువ ఎక్కువ. 1942 మే నెలలో మావో యెనాన్ గోష్ఠియందు సాహిత్య కళలను గూర్చి ప్రసంగించి, సాహిత్యము కార్మిక కర్షక సైనికుల కొఱకని నిర్ణయించినప్పుడు, చౌ యాంగ్ తన జీవితకార్యమును కనుగొనెను. ఆ ప్రసంగము 1943 అక్టోబరు 19న, అనగా లూసున్ వర్ధంతినాడే, పత్రికలో అచ్చయ్యెను. మరుసటి యేడు చౌ యాంగ్ మార్క్సు, ఎంగెల్సు, ప్లెఖనొవ్, లెనిను మొదలగువారి వాక్యములతో మావో వాక్యములను ఒకే వరుసలో కూర్చి 'మార్క్సిజము - సాహిత్యకళలు' అను సంకలనమును ప్రకటించెను. సూత్రమునకు సంప్రదాయశుద్ధి కల్పించుట భాష్యకారుని మొదటి పని కదా! అటుపిమ్మట ఒక పీఠికలో ఆయన తన్ను గూర్చి దాపఱికము లేకుండ చెప్పుకొన్నది గూడ అదియే: మావో సాహిత్యభావములను ప్రచారము చేయుట, వివరించుట, ప్రయోగించుట, ఇవియే తన పనులని.

మన సాహిత్య చరిత్రతో ఈ కథకు గల ముడి ఇక్కడనే యున్నది. 1970లో హైదరాబాదులో విప్లవ రచయితల సంఘము ఏర్పడినప్పుడును, ఆ తరువాతి సంవత్సరములలోను, తెలుగు రచయితలు నిష్ఠతో అధ్యయనము చేసిన గ్రంథములలో ఆ యెనాన్ ప్రసంగము ముఖ్యమైనది. ఏది ప్రజలసాహిత్యము, ఎవరి కొఱకు వ్రాయవలెను అను చర్చలలో దాని మాటలు మన సభలలో మారుమ్రోగుచుండిన ఆ దినములలో, దాని ప్రథమ భాష్యకారుడు పెకింగు శివార్లలోని చిన్‌చెంగ్ కారాగారమున బందీయై యుండెను.

ఆ దశకు ముందు పదునేడేండ్ల పాలన యున్నది. 1949 జూలైలో పెకింగున జరిగిన మొదటి రచయితల, కళాకారుల మహాసభలో విముక్త ప్రాంతముల సాహిత్యమును గూర్చి నివేదించినది చౌ యాంగ్. సాంస్కృతిక శాఖ ఉపమంత్రిత్వము, పార్టీ ప్రచారశాఖ ఉపాధ్యక్షత ఆయనకు లభించెను. బయటివారి కది అపారమైన అధికారముగా కనబడినది. 1951లో బిచ్చమెత్తి పాఠశాలలు స్థాపించిన వూ షున్ అను పూర్వకాలపు మనుష్యుని గూర్చిన చలనచిత్రము విడుదలయై ప్రశంసలందుకొనుచుండగా, మే 20న పార్టీ పత్రికలో దానిని చీల్చిచెండాడు సంపాదకీయము వెలువడెను, వ్రాసినది మావో. ఆ చిత్రమును ముందుగనే చూచియు ఆపనందుకు చౌ యాంగ్ ఆత్మవిమర్శ చేసికొనవలసివచ్చెను. 1954లో ఎఱ్ఱమేడ స్వప్నకథ యను నవలను గూర్చిన ఒక పండితుని పరిశోధనపైకి మావో దృష్టి మరలినప్పుడును ఇట్లే జరిగినది. సూత్రకర్త మనస్సు ఎటు తిరుగునో ముందుగా గ్రహింపలేకపోవుట భాష్యకారుని నేరమైనది. అందుచేత ప్రతిసారియు వెనుకబడి, వెనుకబడినందుకు నొచ్చుకొని, ఆ నొప్పిని కప్పిపుచ్చుటకు మఱి నాలుగడుగులు ముందుకు దుమికి, ఇతరులపై కత్తి ఝళిపించుట ఆయనకు వృత్తిధర్మమైపోయినది.

హూ ఫెంగ్ సంగతి అందఱికిని తెలిసినదే. రచయితపై పార్టీ అధికారుల పెత్తనమును ఆక్షేపించుచు 1954లో ఆయన కేంద్రమునకు మూడులక్షల అక్షరముల విజ్ఞాపన సమర్పించెను. మరుసటి సంవత్సరము ఆయన స్నేహితులకు వ్రాసికొన్న జాబులు పార్టీ పత్రికలో అచ్చయ్యెను. వాటి ప్రక్కన సంపాదకుని పేర వ్యాఖ్యలు వ్రాసినది స్వయముగా మావో. లోకములో సూత్రకర్తయే భాష్యకారుడై పరుల సొంత ఉత్తరములకు టీక రచించిన ఘట్టము నాకు వేఱొకటి తెలియదు. షాంఘై నాటి సాహిత్య కలహము రాజద్రోహమైనది. రెండువేలమందికి పైగా ఆ వ్యవహారములో చిక్కుకొనిరి. హూ ఫెంగ్ జీవితములో దాదాపు పాతికేండ్లు చెఱలోను, ప్రవాసములోను గడచిపోయినవి. లూసున్‌కు చెప్పవచ్చిన గూఢచారి అభియోగము ఇరువదియేండ్లకు, రూపము మార్చుకొని, న్యాయస్థానపు తీర్పువలె చెల్లుబాటయ్యెను.

1957 వేసవిలో డింగ్ లింగ్ వంతు. రచయితల సంఘములోని పార్టీ బృందము సభ్యేతరులను గూడ పిలిచి వరుసగా సభలు జరిపెను. 'సాంగ్‌కాన్ నదిపై సూర్యోదయము' అను నవలకు స్టాలిను బహుమతి నందిన ఆమెను, 1933 మొదలు మూడేండ్లు నాన్‌కింగులో కువోమింటాంగు చెఱలో నున్న కాలపు శీలమును గూర్చి ప్రశ్నించి, పార్టీనుండి తొలగించి, ఈశాన్యపు మంచునేలలోని వ్యవసాయ క్షేత్రమునకు పంపిరి. ఈ విజయమును వర్ణించుచు చౌ యాంగ్ రచించిన 'సాహిత్యరంగమున ఒక మహావివాదము' అను వ్యాసమును మావో దిద్దెను. పెకింగు విదేశీభాషా ప్రచురణాలయము వారు దానిని 1958లో ఇంగ్లీషులో చిన్న పుస్తకముగా వెలువరించిరి. ఆబిడ్సు కాలిబాటపై ఆదివారపు పాతపుస్తకములలో అది నాకు దొరికినది. చదువుచున్నంతసేపు నన్ను కలవరపఱచినది దాని కాఠిన్యము కాదు. వ్యక్తివాదమును రచయితకు పట్టిన మహారోగముగా నిర్ధారించు ఆ రచయితకు, నవల యనగా వ్యక్తిహృదయము తెలియుట యని అన్నా కెరెనినా నేర్పియుండెను గదా యను తలంపే.

ఆ సంవత్సరములలోనే మఱియొక పని జరిగినది. నా దృష్టిలో చౌ యాంగ్ ఉద్యోగమంతటి సారము ఆ చిన్న పనిలోనే యున్నది. లూసున్ సమగ్రరచనల క్రొత్త ముద్రణ సిద్ధమగుచుండెను. 1936 నాటి బహిరంగలేఖ అందులో రాకతప్పదు. మూలమును మార్చుట అసాధ్యము. అందుచేత దానికి ఒక పాదసూచిక చేర్చిరి: లేఖ వ్రాసినది ఫెంగ్ షూఫెంగ్ అనియు, రోగపీడితుడైన లూసున్ నిజానిజములు విచారించు స్థితిలో లేడనియు దాని భావము. ఆ సూచికను వ్రాయవలసినవాడు ఫెంగ్ షూఫెంగే! తన మిత్రుని పక్షమున తాను సిద్ధపఱచిన లేఖను, తన చేతితోనే కొట్టివేయుచు ఆయన సూచిక వ్రాసెను; వ్రాసిన పిమ్మట ఆయనను గూడ పార్టీనుండి తొలగించిరి. పోలీసులు లేక, చెఱసాల లేక, అడుగున సన్నని అక్షరములలో నాలుగు పంక్తులతో జరిగిన ఆ హింస, సభలలో జరిగిన దూషణలకంటె నాకు భయంకరముగా తోచును.

1961, 62 సంవత్సరములలో కఱవు చేసిన గాయమువలన పట్టు సడలినప్పుడు చౌ యాంగ్ వేఱొక మనుష్యుడుగా కనబడెను. విశ్వవిద్యాలయములకు సాహిత్య, తత్త్వశాస్త్ర పాఠ్యగ్రంథములు రచింపించు కార్యమునకు పూని, పండితుల నందఱిని కూర్చి, వారిని వారి పని చేసికొననిచ్చెను. యెనాన్ ప్రసంగమునకు ఇరువదియేండ్లు నిండిన సందర్భమున ఆయన పర్యవేక్షణలో వెలువడిన పత్రికా సంపాదకీయము, సాహిత్యము సమస్త ప్రజలకును చెందవలెనని, కార్మిక కర్షక సైనికుల వలయమును విస్తృతము చేసెను. భాష్యము సూత్రమును దాటినది. 1963 డిసెంబరులో, 1964 జూన్‌లో మావో వ్రాసిన రెండు చిన్న వ్యాఖ్యలు, సాహిత్య సంఘములు పాడుపడినవని తేల్చినవి. సాంస్కృతిక విప్లవము ఆరంభమైన 1966 వచ్చునప్పటికి, ఊపిరితిత్తుల శస్త్రచికిత్స చేయించుకొని విశ్రమించుచుండిన చౌ యాంగ్, మావో భార్య చియాంగ్ చింగ్ కనుగొనిన సాహిత్యపు 'నల్లబాట'కు అధినాయకుడుగా ప్రకటితుడయ్యెను. 1967 ఆరంభమున విమర్శకుడు యావో వెన్‌యువాన్ ఆయనను రెండు ముఖముల విప్లవద్రోహి యని నిందించుచు దీర్ఘవ్యాసము వ్రాసెను. అభియోగములలో ముఖ్యమైనది ఏదనుకొన్నారు? ఆ పాదసూచికయే! లూసున్ స్వహస్తముతో వ్రాసిన పుటలు భద్రముగానుండి సాక్ష్యము పలికినవి. అభియోగము నిజమే, అభియోగము మోపినవారు మాత్రము లూసున్ మీది ప్రేమతో మోపినవారు కారు.

తొమ్మిదేండ్లు చెఱ. 1970 నుండి ఐదేండ్లు డింగ్ లింగును ఉంచినదియు ఆ చిన్‌చెంగ్‌లోనే. ఒకరిని ఒకరు చూడలేదు. 1975 వేసవిలో, చౌ యాంగ్ ప్రభృతులను ఇంకను బంధించియుంచుట పద్ధతి కాదని మావో సూచింపగా విడుదల ఆజ్ఞ వచ్చినది. మావోకు తాను వ్రాయుచున్న ఆత్మవిమర్శ ఇంకను పూర్తికాలేదు గనుక కొన్ని దినములు లోపలనే యుండనిండని ఆయన అధికారులను కోరెనని, ఆయన నెఱిగినవారు వ్రాసిరి. ఈ ముచ్చటను చదివి నవ్వినవారున్నారు. నాకు నవ్వు రాలేదు.

బయటికి వచ్చినపిమ్మట, క్షయించి మంచము పట్టియున్న ఫెంగ్ షూఫెంగును చూడబోయెను. పార్టీ సభ్యత్వము తిరిగిరాకుండగనే 1976 జనవరిలో ఫెంగ్ కన్నుమూసెను. 1979లో, రచయితల నాల్గవ మహాసభ జరిగిన కాలమున, చౌ యాంగ్ తన చేతిలో దెబ్బతిన్నవారిని బహిరంగముగా క్షమాపణ వేడెను, కన్నీరు పెట్టెను. ఆ కన్నీరు నటన యనువారితో నేను ఏకీభవింపను. అయితే డింగ్ లింగ్ విషయమున మాత్రము ఆయన మనస్సు కరగలేదు. ఆమె నాన్‌కింగు దినములపైని మచ్చ పూర్తిగా పోలేదని ఆయన పట్టుపట్టుచు వచ్చెనని ఆమె పక్షమువారు చెప్పుదురు. ఆ మచ్చను పార్టీ అధికారపత్రము తుడిచివేసినది 1984లో. మానవుడు సమూహమును క్షమాపణ వేడగలడు, కాని ఎదుట నిలిచిన ఒక్క మనిషిని వేడుటకు నోరు రాదు. నవలాకారుడు బా జిన్ ఇందుకు భిన్నుడు. హూ ఫెంగును రాళ్లతో కొట్టినవారిలో తానును ఉంటినని, ఆ మనుష్యుని పేరు చెప్పి, వ్యాసము వ్రాసి లజ్జపడెను. ఆయన ఏనాడును పార్టీ అధికారి కాకుండుట అందుకు తోడ్పడియుండవచ్చును.

మార్క్సు మరణించి నూఱేండ్లు నిండిన సందర్భమున, 1983 మార్చి 7న, పార్టీ కేంద్ర పాఠశాలలో చౌ యాంగ్ ప్రసంగించెను. వాంగ్ యువాన్‌హువా, వాంగ్ రువోషుయ్, గూ షియాంగ్ అను మువ్వురు ముసాయిదాకు సాయపడిరి. మార్క్సు యౌవనమున వ్రాసిన 1844 నాటి ప్రతులవఱకు వెనుకకు పోయి, మానవుడు సృజించినది మానవునిపైననే పెత్తనము చేయు పరాయీకరణము సోషలిస్టు సమాజములో గూడ కలదనియు, ప్రజలిచ్చిన అధికారము ప్రజలనే అణచుట దానికి నిదర్శనమనియు ఆయన చెప్పెను. చెప్పినవాడు ఆ అధికారమును పాతికేండ్లు చేతబట్టినవాడు. పుస్తకములో చదివి చెప్పినది కాదు. ప్రసంగము పత్రికలో అచ్చయినది. పార్టీ సిద్ధాంత వ్యవహారములకు పెద్దయైన హూ చియావోమూ ఆగ్రహించెను. ఆ శరత్తున 'ఆధ్యాత్మిక కాలుష్య' నిర్మూలనోద్యమము సాగగా, చౌ యాంగ్ నవంబరులో వార్తాసంస్థవారికి తప్పొప్పుకొనుచు ఒక వాఙ్మూలమిచ్చెను. ఆ ఉద్యమమును సమర్థించినవారిలో డింగ్ లింగ్ ఒకతె. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరాడదు. ఆమె కొలబద్దను ఆమె చేతికిచ్చినవాడు ఆయనయే.

1984లో జబ్బుపడిన ఆయన మరల లేవలేదు. ఆ సంవత్సరాంతమున రచయితల సంఘము మహాసభ జరుగుచుండగా, ఆసుపత్రినుండి ఫోనులో ఆయన పంపిన శుభాకాంక్షలను చదివి వినిపింపగా సభ చాలసేపు చప్పట్లు కొట్టినది. వందలమంది రచయితలు సంతకములు చేసి ఆరోగ్యము కోరుచు ఆయనకు లేఖ పంపిరి. 1989 జూలై 31న ఆయన మరణించెను. ఆయన పేర వెలువడిన నివేదికలను, నినాదములను, దండన వ్యాసములను ఇప్పుడు చరిత్రకారులు తప్ప తిరుగవేయువారు లేరు. 1983 నాటి ప్రసంగము గూర్చి మాత్రము వాదములు నడచుచునే యున్నవి.